అరమీసం మీద ఎర్రదీపం

మా మావయ్యకు చేతకాని పని లోకంలో లేదు. పూర్తిగా చేతనైన పనీ లేదు. చదువు సంగతికొస్తే నేను తొమ్మిదో తరగతిలో వదిలేశాను, ఆయన ఏడులోనే వదిలేశాడు. అంచేత నాకంటే రెండేళ్ళు ముందే ప్రయోజకుడయ్యాడు.

వృత్తి క్షవరం. ముందు ఒక పెద్దాయన సెలూన్లో పనికి చేరాడు, తర్వాత ఆయన కూతుర్నే చేసుకున్నాడు. అల్లుడయ్యాక అయినా ముందు కుర్చీ దక్కుతుందనుకుంటే, అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, కత్తి చేతికివ్వకుండా, పిల్లల తలలూ పెద్దల మెడ వెంట్రుకలూ కత్తెరతో సరిచేయడం తప్ప ఏమీ చెయ్యనివ్వలేదు పెద్దాయన. అలా తొమ్మిదేళ్ళు. పదో ఏడు మావయ్యకు పౌరుషం వచ్చి, అదే వీధిలో సరిగ్గా ఎదురుగా ఇంకో సెలూన్ తెరిచాడు. ఆయన అద్దంలో ఈయన కనిపిస్తాడు, ఈయన అద్దంలో ఆయన. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ రోజంతా పనిచేసేవారు.

మావయ్య షాపులో కత్తి లేదు, కత్తెర లేదు. ఉన్నదల్లా ఆయన సొంతంగా తయారుచేసిన మిషను. నీళ్ళ పైపు ముక్క, ఎవరో పారేసిన ట్రిమ్మరు పళ్ళు, చచ్చిన ల్యాప్‌టాప్‌లోంచి పీకిన వేలెడంత బ్యాటరీ, దానికి ఛార్జింగు పెట్టడానికి తపాలా బిళ్ళంత బోర్డు. ఆ బోర్డు మీద రెండు బుల్లి దీపాలు. ఛార్జింగు ఎక్కుతుంటే ఎరుపు, నిండితే నీలం. మొదటిసారి తీగలు తిరగేసి తగిలిస్తే బోర్డు పొగ కక్కింది, కర్టెను కాలింది. మా అత్తయ్యనడిగితే కర్టెను కొసే కాలిందంటుంది. నేను కళ్ళారా చూశాను, వీధి మొత్తం మూడు రోజులు సూర్యుడు లేకుండా గడిపింది. అప్పట్నుంచి మావయ్యకు ఒకటే నియమం. ఎరుపు వెలుగుతుండగా మిషను ముట్టకూడదు. ముడితే పేలుతుంది. గోడ మీద అట్టముక్క కూడా అంటించాడు.

పైపు ముక్కతో క్షవరమేమిటని పెద్దాయన నవ్వాడు. మావయ్యకు ఒళ్ళు మండింది. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. నెల రోజులు కత్తెర ముట్టకుండా, మొదలుపెట్టిన ప్రతి తలనూ, ప్రతి మీసాన్నీ తన మిషనుతోనే పూర్తి చేసి పంపాలి. ఒక్కటి సగంలో ఆగిపోయినా, ఇంకొకరి కత్తెర దాని మీద పడినా, షాపు మూసేసి మళ్ళీ పెద్దాయన దగ్గర మెడ వెంట్రుకలే కత్తిరించాలి. సాక్షి మా అత్తయ్య. ఇటు మొగుడు, అటు తండ్రి కాబట్టి ఆవిడను మించిన నిష్పక్షపాతి దొరకదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరు ఓడినా అలిగి అన్నం మానేస్తారు కాబట్టి తనకు ఒక పూట వంట తప్పుతుందని ఆవిడా ఒప్పుకుంది.

ఇరవై తొమ్మిది రోజులు నల్లేరు మీద బండిలా నడిచాయి. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం మావయ్యకు గెలుపు ముందే తలకెక్కింది. "అల్లుడి సెలూన్" అని అక్షరాలు కత్తిరించి, వాటి నిండా బుల్లి బల్బులు గుచ్చి, పెద్దాయన అద్దంలో సూటిగా కనబడేలా బిగించాడు. కరెంటు పోయినా అక్షరాలు ఆరకూడదని వాటి తీగల్ని తీసుకెళ్ళి మిషను బ్యాటరీకే కలిపాడు. తెల్లవార్లూ అక్షరాలు వెలిగాయి.

ముప్పయ్యో రోజు పొద్దున్నే తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన మీసాల మీద ఒక్కో పక్క ఒక్కో నిమ్మకాయ నిలబెట్టొచ్చు. సాయంత్రం అయిదింటికి ఉద్యోగ విరమణ ఫొటో ఉందట, మీసం సన్నం చేయమన్నాడు. మావయ్య ఎడమ పక్క చీమల బారులా తీర్చాడు. కుడి పక్కకు తిరిగేసరికి మిషను గుర్రుమని, మూలిగి, ఆగిపోయింది. రాత్రంతా అక్షరాలే బ్యాటరీని తాగేశాయి.

మావయ్య ఏమాత్రం తొణక్కుండా ఛార్జింగు పెట్టి, రెండు గంటల్లో నీలం వస్తుందన్నాడు. తొమ్మిదయింది, ఎరుపే. పదకొండయింది, ఎరుపే. ఎడమ చీమల బారు, కుడి ఉడుత తోకతో ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని పేపరంతా చదివేసి, ఆఖరికి ప్రెస్సు అడ్రసు కూడా చదివాడు. ముప్పయ్యేళ్ళు ఒక పక్కకు వాలిన తక్కెళ్ళను జప్తు చేసిన మనిషి, అద్దం వంక చూసినప్పుడల్లా తనను తాను జప్తు చేసుకోవాలా అన్నట్టు చూసేవాడు. మధ్యాహ్నానికి వీధి వీధంతా గుమ్మంలో చేరింది. మావయ్య ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఛార్జింగు బెదురుతుందని కసిరాడు. మేం ఒక గంటసేపు గుసగుసగానే మాట్లాడుకున్నాం. గుమ్మం ముందు కుక్క కూడా నోరు మూసుకునే మొరిగింది.

రెండయింది. ఎరుపే. అత్తయ్య అన్నం తెచ్చి దీపం వంక చూసి, నిండకపోయినా కాస్తయినా ఎక్కి ఉంటుంది కదా, ఆడించి చూడొచ్చు కదా అంది. ఎరుపుండగా ముడితే ఏమవుతుందో తెలుసా అని మావయ్య అట్టముక్క చూపించాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇన్‌స్పెక్టరు లేవబోతే ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు.

ఎదురుగా పెద్దాయన పరిస్థితి ఇంకా ఘోరం. గెలుపు గుమ్మంలోనే నిలబడింది, చెయ్యి చాపితే చాలు. కానీ ఆయన అద్దంలో పొద్దుట్నుంచీ ఆ అరమీసం కనబడుతోంది. యాభై ఏళ్ళ పనివాడు. ఎవరి బొత్తాం వంకరగా ఉన్నా తట్టుకోలేడు. రెండు తలలకు పాపిడి వంకర తీశాడట, ఒకాయన చెవికి సబ్బు పూశాడట. నాలుగింటికి దువ్వెన కింద పెట్టేసి, కత్తెర పట్టుకుని వీధి దాటి వచ్చేశాడు.

గుమ్మంలో జనం దారిచ్చారు. పెద్దాయన అల్లుడి వంక చూడలేదు. తిన్నగా వెళ్ళి ఇన్‌స్పెక్టరు గడ్డం పట్టుకుని పైకెత్తాడు. ఆ కత్తెర ఒక్కసారి మూసుకుంటే మావయ్య షాపు కూడా మూసుకున్నట్టే.

పెద్దాయన చటుక్కున ఆగాడు. "ఆ అక్షరాల వెలుగు అద్దంలో పడి కళ్ళు గుంజుతున్నాయి. ఆపెయ్."

తొమ్మిదేళ్ళ అలవాటు. ఎందుకని అడక్కుండా మావయ్య అక్షరాల తీగ లాగేశాడు.

రెప్ప వేసేలోగా నీలం వెలిగింది.

బ్యాటరీ ఎప్పుడో నిండింది. కడుపు నిండాక అది మింగడం తగ్గిస్తుంది, ఆ తగ్గడం చూసే బోర్డు నీలం వెలిగిస్తుంది. అక్షరాలు అదే తీగల మీద గుటకలేస్తూ కూర్చుంటే, బోర్డు పాపం బ్యాటరీకే ఇంకా ఆకలనుకుంది. ఇది నేను మధ్యాహ్నమే కనిపెట్టాను. గుసగుసగా మాట్లాడుకోవాలన్న రూలు వల్ల ఎవరికీ వినపడలేదు.

మావయ్య మిషను తీశాడు. "మామయ్యా, కాస్త పక్కకి జరుగుతారా" అన్నాడు. అది అడగడంలా లేదు, బతిమాలడంలా ఉంది.

పెద్దాయన కత్తెర గాల్లో నోరు తెరుచుకునే ఉంది. అల్లుడి మొహం చూశాడు, ఉడుత తోకను చూశాడు. తర్వాత కత్తెరను మెల్లగా మూసి, జేబులో పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు. గడ్డం మాత్రం వదల్లేదు.

"నీ కుర్చీ, నీ బేరం. నేను కదలకుండా పట్టుకుంటాను. ఇక కానివ్వు."

మిషను మూడు నిమిషాలు గుర్రుమంది. వీధంతా ఊపిరి బిగబట్టింది, నేనైతే ఇప్పటిదాకా పూర్తిగా వదల్లేదు. ఇన్‌స్పెక్టరు జేబులోంచి కొలబద్ద తీసి రెండు పక్కలా కొలుచుకుని, తలాడించి, ఫొటోకు పరుగెత్తాడు.

జనం చెదిరారు. పెద్దాయన గోడ మీద అట్టముక్క దగ్గర నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చదివాడు.

"ఏమయ్యా, ఎరుపుండగా ముడితే నిజంగా పేలుతుందా?"

మావయ్య మిషను పళ్ళు ఒక్కొక్కటే తుడిచాడు.

"పేలదేమో మామయ్యా. నాకే భయం."

"తెలుసు" అన్నాడు పెద్దాయన. "నీ చేతికి కత్తి ఎందుకివ్వలేదనుకున్నావు?"

అని, అల్లుడి షాపు కుర్చీని తన తువ్వాలుతో ఓసారి దులిపి, వీధి దాటి వెళ్ళిపోయాడు.