చిన్నమ్మ పెట్టని బొట్టు

నాన్న పోయిన నాలుగు నెలలకు మా కాలేజీ వాళ్లు లింగాల దగ్గర ఒక ఊళ్లో వారం రోజుల సేవా శిబిరం పెట్టారు. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటికి వచ్చినవాళ్లంతా నాన్న గురించే మాట్లాడుతుంటే వినలేక వెళ్లాను. అబ్బాయిలు బడిలో పడుకున్నారు. అమ్మాయిలను ఇంటికొకరి చొప్పున ఊరివాళ్లు తీసుకెళ్లారు. నన్ను తీసుకెళ్లినామె భర్త అంతకు ముందటేడు చనిపోయాడు. వేరుశనగ చేను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. చిన్నమ్మా అని పిలవమంది.

పగలు ఇంకుడు గుంతలు తవ్వేవాళ్లం. సాయంత్రాలు ఆమె దగ్గర జొన్నరొట్టె కొట్టడం నేర్చుకోబోయాను. నా రొట్టె అంచులు ఎప్పుడూ చీలిపోయేవి.

"మీ కాలేజీల గుంతలు తవ్వుడే నేర్పిండ్రా? గీ రొట్టె ఏస్తె మా ఎద్దు గూడ అలుగుతది" అనేది.

నాన్న సంగతి మూడో రోజు చెప్పాను. ఆమె ఓదార్చలేదు. "మంచిగ తినేటోడా?" అని అడిగింది. ఆయనకు ఏం ఇష్టమో, దేనికి పేచీ పెట్టేవాడో చాలాసేపు చెప్పాను. చనిపోయాక ఆయన గురించి నేను అంతసేపు మాట్లాడింది ఆ రోజే.

చివరి రోజు పొద్దున అందరం బడి ముందు చేరాం. ఇంటి నుంచి ఆడపిల్ల వెళ్తుంటే ఆ ఇంటామె బొట్టు పెట్టి, చున్నీ కొంగులో పిడికెడు బియ్యం పోసి, రవిక గుడ్డ పెట్టి పంపడం అక్కడి పద్ధతి. మా వాళ్లు ఒక్కొక్కరే వెళ్లి పెట్టించుకుంటున్నారు. కొందరు ఏడుస్తున్నారు. చిన్నమ్మ దూరంగా ప్రహరీ పక్కన నిలబడింది. ఆమెకు బదులు ఆమె తోటికోడలు పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "మా చిన్నమ్మే పెట్టాలి" అన్నాను, అందరికీ వినబడేలా.

ఒక ముసలామె, "సదువుకున్న పిల్ల, మన పద్ధతి తెల్వది. జర పెట్టిచ్చుకో బిడ్డా, బస్సు ఆగదు" అంది. ఇంకెవరో నవ్వారు. అందరూ చిన్నమ్మ వైపు చూశారు. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని ఇంటిదారి పట్టింది.

భర్త పోయినామె బొట్టు పెట్టకూడదనే ఆచారాలు తప్పని నేను ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఆ క్షణంలో మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె నడిచిపోతున్న తీరు చూశాక కానీ, అడగవలసింది ముందు ఆమెనని తోచలేదు.

చెయ్యి తీసి తోటికోడలితోనే బొట్టు పెట్టించుకుని, చిన్నమ్మ వెనక పరుగెత్తాను. నా బ్యాగు ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. చిన్నమ్మ వెనక వాకిట్లో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది.

"తప్పయింది చిన్నమ్మా."

"నువ్వు బస్సెక్కి పోతవు. రేపటి సంది నేను గీళ్ల నడుమనే ఉండాలె. అందరి ముంగట నన్ను నిలవెడితివి."

ఆమె ఒలవడం ఆపి నా వైపు చూసింది.

"ఒక మాట అడుగుత చెప్పు. గిక్కడికి వచ్చేనాడు నీకు బొట్టు వెట్టింది మీ అమ్మనా?"

కాదు. నేను మా ఊరు అమరచింతలో ఇల్లు దాటిన రోజు పక్కింటామె పెట్టింది. అమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. నేను పిలవలేదు. చెప్పులు వేసుకుంటూ, "పోయొస్తనే" అని గుమ్మంలోంచి కేకేసి వెళ్లిపోయాను. ఆమె ఎందుకు బయటికి రాలేదో నాకు తెలుసు. తెలిసీ నడిచాను.

తల అడ్డంగా ఊపాను.

"ఊ" అంది చిన్నమ్మ. లేచి చేతులు దులుపుకుని నా బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నడువు. నువ్వు ముంగట నడువు, నేను ఎనక వస్త."

భర్త లేని ఆడమనిషి ఎదురైతే ప్రయాణం మంచిది కాదంటారు. అందుకే ఆమె నాకు ఎదురు రాకుండా, పక్కకు కూడా రాకుండా, వెనకే నడిచింది. నేను నెమ్మదిస్తే తానూ నెమ్మదించింది.

"పక్కకు రా చిన్నమ్మా, ఎవరూ లేరు" అన్నాను.

"నడువు బిడ్డా, డ్రైవరు తిడ్తడు."

ఈసారి ఆమె మాట విన్నాను. బస్సు మెట్టెక్కాక బ్యాగు వెనక నుంచే నా చేతికందింది. ఆమె వేళ్లకు వేరుశనగ మట్టి ఉంది. నేను సీటు చూసుకుని కిటికీలోంచి తొంగి చూసేసరికి ఆమె వీపు మాత్రమే కనిపించింది.

రెండు రోజులు ఇంట్లో ఉండి వనపర్తిలోని కాలేజీ హాస్టల్‌కు బయలుదేరాను. బ్యాగు సర్దుకుంటుండగానే అమ్మ వంటింట్లోకి వెళ్లింది. పక్కింటామె కుంకుమ భరిణతో వచ్చింది. తర్వాత పిలుస్తానని ఆమెను పంపేసి గడప దగ్గర కూర్చున్నాను.

"బస్సు వస్తది బిడ్డా" అంది అమ్మ, లోపలి నుంచే.

"నువ్వొచ్చేదాంక నేను పోను. బొట్టు వద్దులే. ఊరికె వచ్చి కూసో."

మూలమలుపు దగ్గర బస్సు హారన్ ఇద్దరికీ వినిపించింది. అది వెళ్లిపోయిన చాలాసేపటికి అమ్మ బయటికి వచ్చి, నాకు కొంచెం ఎడంగా, గోడకు ఆనుకుని కూర్చుంది.