ఇయాల డ్యూటీ నేదు

డాక్టర్ రాజేశ్వరి గారి మీద పడిన నింద అబద్ధమని నాకు తెలుసు. విచారణ రోజున ఆ మాట చెప్పలేదు. పోయిన వారం ఆమె మరణవార్త ఫోన్‌లో చూశాను. దాని కింద మా సహోద్యోగులు వరసగా పెట్టిన దండాల బొమ్మలు చూశాక ఒళ్లు మండింది. ఆమెను 'జోలపాట డాక్టరు' అని వెక్కిరించినవాళ్లే వీళ్లంతా. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే.

ఆమె ఈ హిందీ ఊరి ఉక్కు ప్లాంటుకు వలసొచ్చిన ఒక ఫిట్టర్ కూతురు, కార్మికుల బస్తీ క్యాంప్ 1లో పెరిగారు, మా ప్లాంటు ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నేను మెదడు ఆపరేషన్లు చేసేవాణ్ణి. కణితి తీయడమే వైద్యమనీ, రోగిని లేపడం ఒక పనే కాదనీ అనుకునే జాతి మాది. చివరి కుట్టు పడగానే చెంపలు వాయించి, కళ్లు తెరవమని "ఆంఖే ఖోలో!" అంటూ కేక పెట్టి, మా ప్రతిభకు మేమే మురిసిపోతూ చేతులు కడుక్కునేవాళ్లం.

ఆమె చెప్పేది చాలా తేలికైన సంగతి. మత్తు వదిలే క్షణంలో శరీరం బెదిరిపోతుంది. గొంతులోని గొట్టానికి దగ్గు ముంచుకొస్తుంది, గుండె పరుగెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఇంకా పచ్చిగా ఉన్న మెదడు గాయం ఆ పోటుకు నెత్తురు కక్కవచ్చు. అందుకే ఆమె మత్తు తగ్గించకముందే కుట్ల చుట్టూ తిమ్మిరి మందు ఇచ్చేవారు. శరీరాన్ని శాంతపరిచే మందు బొట్టుబొట్టుగా ఎక్కించేవారు. గదిలో ఎవరినీ నోరెత్తనిచ్చేవారు కాదు. అప్పుడు రోగి చెవి దగ్గర వంగి, "ఇయాల డ్యూటీ నేదు నాయినా. ఆఫ్. నిమ్మళంగా కళ్లు తెరు" అనేవారు. హిందీవాళ్లయితే, "ఆజ్ ఛుట్టీ హై, భయ్యా."

ఇదేం వైద్యమని నేను నవ్వితే ఒకసారి అన్నారు: "మనోళ్లు బతుకంతా షిఫ్టుకని ఉలిక్కిపడి లేచినోళ్లు బాబూ. ఒక్కపాలైనా బెదరకుండా లెగనీ."

అప్పలనాయుడు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. అతని కణితి శుభ్రంగా తీశాను. ఆ సాయంత్రం నాకు సుపేలా పేటలో విందు ఉంది, అతనేమో ఇంకా లేవలేదు.

"ఏటి మేడమ్, ఊయల కూడా తెప్పించమంటారా?" అన్నాను. నర్సులు నవ్వారు.

"కాసింత ఓపిక పట్టు బాబూ. వచ్చేత్తన్నాడు."

ఆ నవ్వు నాకు చాలలేదు. అతని మొహం మీదికి వంగి, "ఉఠ్ బే! షిఫ్ట్ ఛూట్ గయీ!" అని, లేవరా, షిఫ్టు తప్పిపోయిందని అరిచాను.

గొంతులో గొట్టంతోనే అతను ఎగిరి లేవబోయాడు. దగ్గు ఆగలేదు. తెర మీద రక్తపోటు అంకెలు ఎగబాకాయి. గాయంలో నెత్తురు చిమ్మి, పుర్రె మళ్లీ తెరవాల్సి వచ్చింది. మనిషి దక్కాడు, కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. మళ్లీ క్రేన్ ఎక్కలేదు.

విచారణలో రాజేశ్వరి గారు, "ఎవరో అరిచారు" అని మాత్రం అన్నారు. ఎవరని అడిగితే నావైపు చూశారు. చెప్పే అవకాశం నాకు వదిలారు. నేను బల్లమీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రి పెద్దలు రెండోసారి అడగలేదు. సర్జన్‌ను పోగొట్టుకోవడం వాళ్లకిష్టం లేదు, మత్తు డాక్టరును మార్చడం సులువు. తప్పు ఆమె మత్తుదేనని తేల్చి, మెదడు ఆపరేషన్ల గదిలోంచి పంపేశారు. రిటైరయ్యేదాకా మళ్లీ రానివ్వలేదు. ఆమె బదులు ఇద్దరు వచ్చారు. ఆ గదిలో చెంపలు మళ్లీ వాయిస్తున్నారు.

నిన్న సంతాపసభ. ఆమెను పంపేసిన పెద్దమనిషే "కరుణామూర్తి" అంటూ గద్గదంగా మాట్లాడాడు. ఆ గొంతు వింటే అసహ్యం వేసింది, ఎందుకంటే నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసమూ అలాంటిదే. అప్పలనాయుడు వచ్చాడు. ఎడమచేత్తో ఆమె ఫోటో దగ్గర పూలు పెట్టాడు.

మైకు నా చేతికిచ్చారు. ఏదో గొణిగాను.

గట్టిగా చెప్పమని వెనక నుంచి ఎవరో, "జోర్ సే బోలియే, డాక్టర్ సాబ్!" అన్నారు.

అప్పుడు, ఆ రోజు అరిచినంత గట్టిగా అరిచాను:

"అరిచింది నేను! రాజేశ్వరి గారి తప్పు లేదు. అమ్మా, నన్ను క్షమించండి. అప్పలనాయుడూ, నీ చెయ్యి పోగొట్టింది నేనే. క్షమించు."