పోలమ్మక్కకు చెప్పని మాట

ఈ బరువు ఏళ్ల తరబడి మోస్తున్నాను. దించే చోటు లేక కాదు, దించే ధైర్యం లేక. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా ఉప్పు కొఠారు యజమాని నన్ను పిలిచి, "కూలోళ్లకు కష్టమైన మాట నొప్పించకుండా ఎట్లా చెప్పాలో కొత్త మేస్త్రీలకు నువ్వే నేర్పాలయ్యా. నీ అంత మెత్తగా మాట్లాడేవాడు ఈ చుట్టుపక్కల లేడు" అన్నారు. తలూపి వచ్చాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఈ సంగతి దాచుకుని వాళ్లకేం నేర్పగలను?

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ లోటంతా అల్లూరు గ్రంథాలయంలో తీర్చుకున్నాను. చదివినవాణ్ణన్న గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది.

పోలమ్మక్క అనే పెద్దావిడ మా కొఠారులో, సముద్రపు నీళ్లు పెట్టి ఎండగట్టే మడుల్లో, పేరుకున్న ఉప్పును గట్టుకు లాగేది. ఎండలో ఆ తెలుపు వంక చూసి చూసి ఆమె చూపు మందగించింది. ఉప్పుతోపాటు అడుగు మట్టి కూడా లాగేసేది. ఆమెను రేపటినుంచి మడిలోకి దింపవద్దన్నారు యజమాని. మేస్త్రీని కాబట్టి ఆ మాట నన్నే మంచిగా చెప్పమన్నారు. కూలీలకు తాగునీళ్లు పోసే పని చేస్తుందేమో అడగమని కూడా అన్నారు.

చేదు మాట చెప్పేముందు మెచ్చుకోలుతో మొదలుపెట్టాలని నేనొక పుస్తకంలో చదివి ఉన్నాను. సాయంత్రం ఆమె కాళ్లు కడుక్కుంటుంటే పక్కన కూర్చున్నాను. నీ చేతి ఉప్పంత తెల్లన ఎవరిదీ కాదన్నాను. నీలాంటి పనిమంతురాలు లేదన్నాను. ఆమె ముఖం విప్పారింది.

"ఓయబ్బ! ఈ ముసిల్దాన్ని ఇంత మాటన్నోడు ఇంతవరకూ లేడబ్బయా!"

ఆ నవ్వు చూశాక తక్కిన మాట చెప్పకుండానే లేచి వచ్చేశాను. జాలా? పిరికితనమా? ఆనాడు జాలి అనుకున్నాను.

తెల్లారి ఆమె వచ్చేసరికి ఆమె మడిలో వేరే మనిషి దిగి ఉంది. అందరూ చూస్తున్నారు.

"ఏందబ్బయా ఇది? నిన్ననే గదా నన్నంత మెచ్చుకొన్నావు?"

"నిన్న అంతా చెప్పినాను గదక్కా. నీకే అర్థం కాలేదు."

"కళ్లే అనుకున్నాం, చెవులు కూడా పోయినాయా అవ్వా!" అని ఎవరో నవ్వారు.

ఆమె నా వైపు తిరిగింది. "చదువుకున్నోడివి. చెప్పే ఉంటావులే" అని గట్టు వెంట నడిచిపోయింది.

యజమాని అడిగితే, నీళ్ల పని వద్దన్నదని చెప్పాను. "పాపం, పౌరుషం గలది" అన్నారాయన. రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది. వెనకాలే పరిగెత్తి, తప్పు నాదని పదిమందిలో ఒక్క మాట అని ఉంటే ఆమెకు నీళ్ల కుండల పక్కన నీడా, పూటకింత కూడూ దక్కేవని తెలిసి కూడా, మెత్తటివాడన్న పేరు పోతుందనే కదా నోరు మూసుకున్నాను?

కొన్నేళ్ల తర్వాత అల్లూరు సంతలో కనబడింది. కూతురి భుజం పట్టుకుని నడుస్తోంది. గొంతును బట్టి నన్ను పోల్చుకుంది.

"అబ్బయా, ఆ పొద్దు నీ మాట అర్థం చేసుకోలేకపోయినా. మనసులో పెట్టుకోబాక."

ఆమె నన్ను క్షమాపణ అడుగుతోంది! నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? "దానిదేముందిలే అక్కా" అన్నాను. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు.

కొత్త మేస్త్రీలకు ఈ కాగితాలే చదివి వినిపిస్తాను. తర్వాత నా గురించి ఏమనుకుంటారో వాళ్లిష్టం.

ఇది రాయడానికి సాయపడినవాళ్లున్నారు. పుస్తకాలిచ్చిన గ్రంథాలయం రంగయ్య గారు. తప్పు పుస్తకానిది కాదు, సగం దగ్గర ఆగినవాడిది. "కడుపులో ఉండేది ముందు కక్కెయ్, తర్వాత తిందువు" అన్న నా భార్య సుశీల. తల్లి పేరు రాయడానికి ఒప్పుకున్న పోలమ్మక్క కూతురు చెంగమ్మ. అంతా విన్నాక ఆమె నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పేరు మాత్రం రాసుకోమన్నది. వీరందరికీ కృతజ్ఞతలు.

పోలమ్మక్కా, నీకు అర్థం కాకపోవడం కాదు. నేను చెప్పలేదు.