మా తోటికోడలి పింఛను

మా తోటికోడలు పోయిందని కెనడా నుంచి ఫోనొచ్చేసరికి నేను పెరట్లో కొరమీనుకి బూడిద రాసి తోముతున్నాను. "పిన్నీ, అమ్మ పోయింది. నిద్రలోనే," అంది వాళ్ళమ్మాయి. ఆ బూడిద చేతులతోనే అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు తరవాత వచ్చిందండి. ముందు వచ్చిన మాట మాత్రం, "చావు కూడా ఎంత సుఖమైంది కొట్టేశారు అక్కయ్యా!" అని. ఆవిడంటే నాకు మొదట్నుంచీ అసూయే. పోయారు కదా అని ఇప్పుడు దాన్ని ఎక్కడ దాచను?

మేమిద్దరం పెంటపాడు దగ్గర పల్లెలో ఒకే ఇంటి కోడళ్ళం. ఆవిడ పెద్ద, నేను చిన్న. ఆవిడది కొల్లేటి ఒడ్డు ఊరు. చేపల పులుసు పెట్టిందంటే మా మామగారు కంచంలోంచి చెయ్యి తీసేవారు కాదు. నేను పెడితే, "బాగుందమ్మా" అని మజ్జిగ కోసం చూసేవారు. తినేటప్పుడు ఆవిడ నడిమి ముక్క నాకు వేసి, తను తలకాయ తీసుకునేది. దానికీ కుళ్ళుకున్నాను, రుచంతా తలకాయలోనే ఉంటుందేమోనని.

మా బావగారు పోయాక కూతురు ఆవిడ్ని కెనడా తీసుకెళ్ళింది. అదృష్టవంతురాలు, విమానం ఎక్కేసిందని ఊరంతా అనుకున్నాం. అసలు సంగతి ఆవిడే ఫోన్లో చెప్పింది. పెద్దవయసులో వచ్చినవాళ్ళకి అక్కడి ప్రభుత్వం వెంటనే పింఛను ఇవ్వదట. పదేళ్ళు అక్కడ కాపురముండాలి. అంతవరకూ పిలిపించుకున్న పిల్లలదే పూచీ అని సంతకం కూడా పెట్టించుకుంటారట.

"బస్సు టిక్కెట్టుకైనా అమ్మాయినే అడగాలి చెల్లీ. అడిగితే కాదనదు. కానీ అడగాలిగా," అనేది. ఇక్కడ పొలం పనిలో నాట్లు వేసే మనుషులకి కూలి పంచిన చెయ్యి అది. అల్లుడి పాత కోటు వేసుకుని, మనవల్ని బడికి దింపి, మంచులో నడిచి ఇంటికొచ్చేదట. అప్పుడు కూడా నాకు ఆవిడమీద జాలి రాలేదు. మంచు చూసింది కదా అనుకున్నాను.

ఆ పదేళ్ళూ గడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఫోను. "చెల్లీ, నేను ముసలిదాన్నేనని ఈ దేశం ఒప్పుకుంది!" అని ఒకటే నవ్వు, పింఛను వచ్చిందని. కొన్నాళ్ళకి ముసలివాళ్ళ కోసం కట్టిన బిల్డింగులో ఒక గది ఇచ్చారు. ఆవిడ వీడియోలో గది చూపించలేదు. ముందు తాళంచెవి చూపించింది.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. నా కడుపు మండింది డబ్బుకి కాదండి, ఆ తాళంచెవికి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను పడుకునే గదికి గడియ సరిగ్గా పడదు. ఎవరికేం కావాలన్నా తలుపు తోసుకుని వచ్చేస్తారు.

నాకు మాత్రం వయసు రాలేదా అని నేనూ పింఛను అడగడానికి మా ఊరి సచివాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీకు రాదండి మామ్మగారూ. మీ ఇంట్లో కారుందండి," అంది.

"కారు మా అబ్బాయిదమ్మా. అందులో నన్ను ద్వారకా తిరుమల ఒక్కసారి తీసుకెళ్ళాడు, అంతే."

"అందరూ ఒకే ఇంటి లెక్కలో ఉన్నారు కదండీ. రూలంతేనండి," అంది ఆ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

ఈ సంగతి చెప్తే మా అక్కయ్య పొలమారేదాకా నవ్వింది. "నాకు ఏళ్ళు అడ్డం, నీకు కారు అడ్డం. నా ఏళ్ళు గడిచిపోయాయి చెల్లీ. నీ కారు తుప్పు పట్టాలి మరి!"

ఒక చలికాలం ఆవిడ మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. తిరిగి వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయనగా నేను బోరు దగ్గర పాచిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఏలూరులో ఆపరేషనయింది. ఆవిడ ప్రయాణం మానుకుంది. అక్కడి రూలు ప్రకారం ఆరు నెలలు దాటి దేశంలో లేకపోతే ఆవిడకి పింఛను ఆగిపోతుంది. కూతురు ఫోన్లో ఆ మాటే చెప్తుంటే నేను మంచం మీంచి విన్నాను.

"వెళ్ళిపోండి అక్కయ్యా. నా కాలి కోసం మీ పింఛను పోగొట్టుకుంటారా?"

"ఆపితే ఆపనీ. తిరిగెళ్ళి కనబడితే మళ్ళీ మొదలెడతారట."

"మరి అందాకా మీ గది అద్దె?"

ఆవిడ నా కాలికింద దిండు సర్ది, "అమ్మాయిని అడుగుతాను," అంది.

ఆ మాట అనడం ఆవిడకెంత కష్టమో నాకు తెలుసు. అయినా నా బుద్ధి చూడండి. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా నా మంచం చుట్టూ కూర్చుని ఆవిడ్నే పొగుడుతుంటే, పడిందేమో నేను, పేరేమో ఆవిడకీనా అని ఉడుక్కున్నాను.

నేను కర్ర పట్టుకుని నడిచాక, "ఇంక ఇక్కడే ఉండిపోండి అక్కయ్యా," అని అడిగాను. నిజంగానే అడిగానండి.

"అక్కడ నా కూతురైనా తలుపు కొట్టి, నేను రమ్మంటేనే లోపలికొస్తుంది. ఆ రుచి మరిగాను చెల్లీ. ఏమనుకోకు," అంది.

ఏమనుకుంటాను? నేనైనా వెళ్ళేదాన్నే. వెళ్ళింది. పింఛను మళ్ళీ మొదలైందని తనే ఫోన్ చేసి చెప్పింది. ఆ తరవాత రెండు చలికాలాలే బతికింది.

దినం అయ్యాక ఆ బిల్డింగు కింద హాల్లో తోటి ముసలమ్మలంతా చేరితే వాళ్ళమ్మాయి వీడియోలో చూపించింది. వాళ్ళూ ఏయే దేశాల నుంచో వచ్చి, ఏళ్ళు గడిపి, పింఛను తెచ్చుకున్నవాళ్ళే. అందులో ఒక చైనా ఆవిడ ఫోనుకి బాగా దగ్గరగా వచ్చి కూర్చుంది.

"అమ్మకి ఈవిడే తోడు పిన్నీ. రోజూ ఇద్దరూ కలిసే తినేవారు."

"ఏ భాషలో మాట్లాడుకునేవారే?"

"ఎవరి భాషలో వాళ్ళు."

ఆ చైనా ఆవిడ నాతో చాలాసేపు ఏదో చెప్పింది. నేను ఊఁ కొడుతూ విన్నాను. ఆవిడ ఒంటిమీద ఉన్నది మా అక్కయ్య ఊదారంగు స్వెట్టరు. అది నాకు పంపించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. మా ఎండల్లో దాన్ని నేనేం చేసుకుంటాను? అయినా అది నాకు రావలసిందే అనిపించింది. ఆ చైనా ఆవిడ పొట్టి మనిషి. స్వెట్టరు చేతులు వేళ్ళు దాటి కిందికి జారిపోయాయి. ఆ జారిన చేత్తోనే కళ్ళు తుడుచుకుని, నావైపు చూసి, ఆవిడ మళ్ళీ చెప్పడం మొదలెట్టింది.