చనిపోయినవాడు వదిలిన తాళం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా ఉద్యోగం సాగదు. కంప్యూటర్ ఆగిపోతే ఎందుకు ఆగిందో కనిపెట్టడం నా పని. ఏదో శక్తి ఆపిందని రిపోర్టు రాస్తే మా ఆఫీసులో ఊరుకోరు. అందుకే బెంగళూరుకు దగ్గర్లోని చింతామణిలో మా అద్దె ఇంట్లో జరిగింది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఒకే మెషిన్ మీద చాలా ప్రోగ్రాములను విడివిడి గదుల్లో పెట్టినట్టు పెట్టి నడుపుతారు. వాటిని కంటైనర్లంటారు. వాటిని మొదలుపెట్టడం, ఆపడం, తీసేయడం చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. ఒక కంటైనర్‌ను ఒకరు ఆపుతుండగానే ఇంకొకరు తీసేయబోతే అంతా గందరగోళమవుతుంది. అందుకని ఒక్కోదానికి ఒక తాళం ఉంటుంది. ముందు పట్టుకున్నవాళ్ల పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగాలి. ఈ తాళాలన్నీ అందరికీ కనబడే ఉమ్మడి మెమరీలో ఉంటాయి. దాన్ని షేర్డ్ మెమరీ అంటాం. ఆ తాళాల భాగం చూసుకునేది నేను.

తాళం పట్టుకున్న ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే ఎలా అంటారా? దానికీ ఏర్పాటుంది. తర్వాత వచ్చినవాడికి సిస్టమ్ ‘దీని యజమాని చనిపోయాడు, ఇక నువ్వు తీసుకో’ అని చెబుతుంది. నేను హాస్యమాడడం లేదు. మా కోడ్‌లో ఆ సందేశం పేరే అది.

నా భార్య సుజాత బట్లహళ్ళి హైస్కూల్లో లెక్కల టీచరు. నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఆమెకు బస్సు సౌకర్యంగా ఉంటుందని చింతామణిలో నరసమ్మగారింటి వెనక భాగం అద్దెకు తీసుకున్నాం. ముందు భాగంలో ఆవిడా, ఆవిడ భర్తా ఉంటారు. ఆయన టమాటా మండీకి పోతే మధ్యాహ్నానికి గానీ ఇంటికి రాడు. బాత్రూము మాత్రం రెండు వాటాలకూ ఒకటే, పెరట్లో.

చేరిన కొత్తలో ఒకరోజు పొద్దున స్నానానికి పోతే తలుపు లోపల గడియ వేసి ఉంది. నరసమ్మగారు ఉన్నారేమోనని తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చారు. ఆయన మండీలో ఉన్నాడు, సుజాత బట్లహళ్ళిలో ఉంది. మరి లోపల ఎవరున్నట్టు?

నరసమ్మగారు ఏమీ కంగారు పడలేదు. తలుపు దగ్గరికెళ్లి మెల్లగా తట్టి, “మామా, చాలప్పా. పిల్లోడు కాచుకోనుండాడు” అన్నారు.

లోపల గడియ జరిగిన చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. బీడీ వాసన వచ్చినట్టు అనిపించింది గానీ, వాసనకు సాక్ష్యం ఉండదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

తర్వాత అడిగితే చెప్పారు. ఆవిడ మామగారు చింతామణి నుంచి బాగేపల్లికి ప్రైవేటు బస్సు నడిపేవాడట. రోజంతా ఎక్కడా ఆగడానికి వీల్లేని ఉద్యోగం కాబట్టి పొద్దున బాత్రూములో మాత్రం తీరిగ్గా కూర్చునేవాడట. రిటైరయ్యాక ఆ తీరిక ఇంకా పెరిగిందట. చివరికి ఒకరోజు లోపల ఉండగానే గుండె ఆగి పోయాడు. తలుపు బద్దలుకొట్టాల్సి వచ్చింది. ఇప్పుడున్నది కొత్త తలుపు, కొత్త గడియ.

“ముందే చెప్తే మీరు చేరరని చెప్పలేదప్పా” అన్నారు. “ఏమీ చేయడు పాపం. పిలిస్తే వచ్చేస్తాడు.”

అంటే, తాళం పట్టుకున్న యజమాని చనిపోయాడు. నా ఉద్యోగం పెరట్లోకి కూడా వచ్చినట్టనిపించింది. నవ్వు ఆపుకోవడానికి దగ్గాను.

గడియే జారుతోందని నా అనుమానం. ఆదివారం నేనూ సుజాతా పరీక్ష పెట్టాం. తలుపు మెల్లగా వేశాం, గట్టిగా వేశాం, గాలి తోసినట్టు వేశాం. నేను లోపల, ఆమె బయట. తర్వాత ఆమె లోపల, నేను బయట. అది అడ్డంగా జరిపే ఇనుప గడియ. కొత్తది కాబట్టి బిగుతుగా ఉంది, వేలితో తోస్తే తప్ప కదలదు. పైనున్న కిటికీలో పిల్లి కూడా పట్టదు. నరసమ్మగారు మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మమ్మల్నే చూశారు. చివరికి, “మీ ఇంట్లో పెద్దోళ్లెవురూ పోలేదా?” అని మాత్రం అడిగారు.

అప్పట్నుంచి సుజాత లోపలికెళ్లే ముందు “మామా, నేనొస్తాండా” అని చెప్పడం మొదలుపెట్టింది. లెక్కల టీచరువి, నీకిదేమిటని అడిగాను. పెద్దవాళ్లకు చెప్పి పోవడానికి నమ్మకంతో పనేముందంది. ఆమె వెళ్లినప్పుడు గడియ ఎప్పుడూ పడి ఉండేది కాదు. నేను చెప్పేవాణ్ని కాదు. తువ్వాలుతో నిలబడేది నేనే.

ఇంతలో ఆఫీసులో నాకు కష్టకాలం వచ్చింది. కొత్త వెర్షన్ పరీక్షల్లో ఒక కంటైనర్ తాళం అప్పుడప్పుడూ బిగుసుకుపోతోంది. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటాం, ఒక్కోదానికి ఒక నంబరుంటుంది. తాళం పట్టుకున్న ప్రాసెస్ నంబరు చూస్తే అలాంటి ప్రాసెస్సే సిస్టమ్‌లో లేదు. ఎప్పుడో చచ్చిపోయింది. యజమాని చనిపోయాడని సిస్టమ్ చెప్పాలి కదా, చెప్పదు. వెనకున్నవాళ్లంతా అలాగే కాచుకుని ఉంటారు. మెషిన్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టడమొక్కటే దారి. ఆ మెషిన్ కూడా నా బల్ల కింద ఉన్నదే. బెంగళూరులో అదే పరీక్ష ఎన్నిసార్లు నడిపినా ఏమీ కాలేదు.

మా టీమ్ లీడ్ హరీష్ మంచివాడే గానీ విసిగిపోయాడు. వచ్చే శుక్రవారం మీటింగ్‌లో కారణం చూపించకపోతే షేర్డ్ మెమరీ తాళాలే తీసేద్దామన్నాడు. నేను ఇకమీద రోజూ ఆఫీసుకు వచ్చి పనిచేస్తే మంచిదని కూడా మర్యాదగా అన్నాడు. అంటే సుజాత ఇక్కడ, నేను బెంగళూరులో. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా సయించలేదు.

శుక్రవారం పదిన్నరకు వీడియో కాల్. టీమంతా చూస్తుండగా పరీక్ష మొదలుపెట్టాను. ఆ తాళం ఉన్న చోట ఎవరు చెయ్యి పెట్టినా నమోదయ్యేలా ఒక కాపలా ప్రోగ్రాము కూడా పెట్టాను. సగంలో పరీక్ష ఆగిపోయింది. మళ్లీ అదే తాళం, చచ్చిపోయిన నంబరు. హరీష్ కన్నడలో, ఇక చాలు, ఆపేద్దామా అన్నాడు.

సరిగ్గా అప్పుడు పెరట్లో తలుపు తట్టిన చప్పుడైంది. నా కిటికీ బాత్రూముకు ఎదురుగానే ఉంటుంది. మైకు ఆపడం మరిచిపోయాను.

“మామా,” అంటున్నారు నరసమ్మగారు, “ఎంతసేపని పట్టుకోనుంటావు? అందురూ కాచుకోనుండారు. వదిలిపెట్టప్పా.”

స్క్రీన్ కదిలింది. ఆగిపోయిన పరీక్ష ముందుకు సాగింది. వెనక కాచుకున్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెళ్లిపోయాయి. చివర్లో పరీక్ష నెగ్గినట్టు పచ్చ గుర్తు పడింది. బయట గడియ జరిగిన చప్పుడు అప్పుడే వినిపించిందా, ఒక క్షణం ముందా, వెనకా అన్నది నేను ప్రమాణం చేసి చెప్పలేను.

హరీష్, ఆవిడెవరని అడిగాడు. మా ఇంటావిడని చెప్పాను. ఆవిడేం చేసిందన్నాడు. తలుపు తట్టిందన్నాను.

కాపలా ప్రోగ్రాము ఏం నమోదు చేసిందో తెరిచి చూశాను. ఇలాంటి తాళాన్ని పట్టుకున్నవాడే వదలాలి, వేరేవాళ్లు వదలడానికి కుదరదు. వదిలిన నంబరు కూడా పట్టుకున్న నంబరే. ఆ ప్రాసెస్ అంతకు చాలాసేపటి ముందే చచ్చిపోయింది. అదే నంబరు ఇంకో కొత్త ప్రాసెస్‌కు వచ్చిందేమో చూడమన్నాడు హరీష్. చూశాను. రాలేదు.

తర్వాత రెండు రోజులు కూర్చుని కోడ్‌లో తప్పు పట్టుకున్నాను. యజమాని చస్తే చెప్పమని తాళానికి పెట్టాల్సిన గుర్తును ఒకచోట పెట్టకుండా వదిలేశారు. దాన్ని సరిచేశాక ఆ తాళం మళ్లీ బిగుసుకోలేదు. షేర్డ్ మెమరీ అలాగే ఉంది, నేనూ చింతామణిలోనే ఉన్నాను. కానీ ఆ తప్పు వల్ల తెలిసేది తాళం ఎందుకు బిగుసుకుందన్నదే. ఆ శుక్రవారం ఎలా వదిలిందన్నది దాంతో తేలదు. రిపోర్టులో ఆ ఒక్క వాక్యం దగ్గర ‘కారణం తెలియలేదు’ అని రాశాను. ఎంత చిన్న విషయానికైనా పది ప్రశ్నలు వేసే హరీష్, ఒక్క మాటైనా అడగకుండా ఆమోదించాడు.

విచిత్రమేమిటంటే, ఆ రోజు తర్వాత బాత్రూము గడియ కూడా తనంతట తాను పడలేదు. నాకు హాయిగానే ఉంది. నరసమ్మగారికే ఏదో వెలితిగా ఉన్నట్టుంది. మొన్న టీ గ్లాసు తెచ్చిస్తూ నా గదిలోకి తొంగిచూశారు. బల్ల కింద దీపాలు మిణుకుమంటున్న మెషిన్‌ను కాసేపు చూశారు.

“మా మామ కనపడేది లేదప్పా,” అన్నారు. “దీంట్లో యాడన్నా ఉండాడా?”

ఉద్యోగంలో చేరిననాటి నుంచి ఇలాంటి ప్రశ్నకు లేదని చెప్పడమే నా అలవాటు. ఆవిడకు మాత్రం తెలీదమ్మా అన్నాను. ఇప్పటికీ నాకు తెలీదు.