ఐసు లారీ ఏ దారిన వెళ్లింది

నాకు పుట్టుకతోనే ఆరాలు ఎక్కువ. పక్కింట్లో ఏం కూర వండారో తెలుసుకుంటే తప్ప నాకు తిన్నది అరగదని మా అమ్మ దెప్పుతుండేది. అలాంటివాడికి మా బావ లారీలో మోగే ఇంగ్లీషు పాట ఒకటి తగులుకుంది. అన్నేళ్లు నన్ను పీక్కుతిందంటే తినదూ మరి!

బావంటే మా అక్క మొగుడు. కాపురం గోపాలపట్నంలోనే, మా వెనక వీధిలో. తొంభైల్లో స్టీలు ప్లాంటులో ఇనుప చువ్వలు ఎత్తుకుని, సాలూరు కొండల్లోని ఘాటీ రోడ్డెక్కి ఒడిశాలోకి తోలేవాడు. ఆయనకి జోడీగా ఇంకో డ్రైవరు ఉండేవాడు, యారాడ మనిషి. వాళ్లింట్లో మగాళ్లంతా సముద్రం మీద వేటకెళ్తే ఈయనొక్కడే స్టీరింగు పట్టుకున్నాడు. బావ ఆయన్ని యారాడోడు అనేవాడు. ఆ మాటలో ఎంత ముద్దుండేదో మా అక్కకి తెలుసు, కాస్త కుళ్లుకునేది కూడా.

మధ్యాహ్నం దాబాలో కడుపునిండా తిని బండెక్కితే ఎంతటివాడికైనా కునుకు ఆగదు. అందుకని ఒకడు తోలుతుంటే రెండోవాడు కథ చెప్పాలి. అది వాళ్లిద్దరి కట్టుబాటు. వెళ్లేటప్పుడు కథని సగంలో ఆపెయ్యాలి, లోడు దించి తిరిగొచ్చేటప్పుడే మిగతా సగం. సగం కథ మీద ప్రాణం పెట్టుకున్నవాడు బండి ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలతాడని యారాడాయన సిద్ధాంతం. నాకు నచ్చేది కాదు. సగంలో ఆపిన కథ నాకు పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది.

ఆ పాట క్యాసెట్టు కూడా ఆయనదే. పోర్టు దగ్గర ఓడ దిగిన సీమెన్ ఎవరో అమ్మితే కొన్నాడు. పైన కాగితం చిరిగిపోయింది, పాట పేరు లేదు, పాడినవాడి పేరు లేదు. గిటారు హోరు, గరగరమనే గొంతు, మధ్యమధ్యలో రోడ్డు అన్న మాట. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. అయినా ఆ పాట వెనక కథ తనకి తెలుసని, సీమెన్ చెప్పాడని, ఒక ట్రిప్పులో యారాడాయన మొదలుపెట్టాడు.

పాడినవాడు లారీ డ్రైవరట. ఐసు దిమ్మలు వేసుకుని రేవుకి వెళ్తున్నాడు. రేవులో జనం చేపలు కుప్పలు పోసుకుని ఎదురుచూస్తున్నారు. దారిలో కబురొచ్చింది, ఇంటి దగ్గర తల్లి మంచాన పడిందని. రోడ్డు రెండుగా చీలిన చోట బండి ఆపాడు. ఎడమకి తిరిగితే ఇల్లు, కుడికి తిరిగితే రేవు. వెనక ఐసు కరిగి రోడ్డంతా కారుతోంది. అక్కడ ఆపేసి, మిగతాది వచ్చేటప్పుడు చెప్తానన్నాడు.

ఆ వచ్చేటప్పుడు అన్నది లేకపోయింది. ఆ ట్రిప్పులోనే ఆయనకి మలేరియా మెదడుకెక్కి, లోడు దించిన ఊళ్లోనే ఆస్పత్రిలో పోయాడు.

బావ మళ్లీ ఘాటీ ఎక్కలేదు. స్టీలు ప్లాంటుకీ పోర్టుకీ మధ్య తిరిగే బండికి మారిపోయాడు. తోలడమంటే ప్రాణమైన మనిషి ఎద్దు గానుగ తిరిగినట్టు అక్కడక్కడే తిరిగేవాడు. అక్క బతిమాలింది, తిట్టింది, అప్పన్నకి మొక్కుకుంది. ఆయన మాత్రం ఇంటి ముందు బండాపుకుని ఆ పాట వింటూ కూర్చునేవాడు. నేను కనిపిస్తే చాలు ఒకటే మాట.

"సదువుకున్నోడివి గదా బావా. ఆడు ఏ దారినెల్లాడో కనుక్కో. అది తెలీకుండా నాను ఘాటీ ఎక్కలేను."

ఒక పాటలోని లారీ ఎటు తిరిగితే ఈయనకేంటని నాకు చిరాకేసేది. చిరాకుపడుతూనే కాళ్లకి బలపం కట్టుకుని తిరిగాను. క్యాసెట్ల షాపువాడు ఓ ముక్క విని, ఇలాంటివి అడిగేవాళ్లే లేరన్నాడు. కాలేజీలో ఇంగ్లీషు మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు, కళ్లు తెరిచి తనకీ సగమే అర్థమైందన్నారు. పాపం, ఒప్పుకున్నారు, అదే గొప్ప.

రెండువేలు దాటాక మా వైపు నెట్ సెంటర్లొచ్చాయి. టేపు వెనక్కీ ముందుకీ తిప్పి పట్టుకున్న నాలుగు మాటలు కొట్టి చూస్తే, పాట దొరికింది. పాట పుట్టిన కథా దొరికింది. రాసినవాడికి అసలు డ్రైవింగే రాదట. కచేరీల కోసం బస్సులో ఊరూరా తిరుగుతూ, కిటికీ పక్క సీట్లో ఏమీ తోచక రాసుకున్నాడట. లారీ లేదు. తల్లి లేదు. రేవు లేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఐసు కోసం చేపలు పెట్టుకుని ఎదురుచూసే జనం ఏ దేశంవాళ్లో అప్పటికి గాని నాకు తట్టలేదు. వాళ్లు యారాడవాళ్లే. ఇది బావకెలా చెప్పను?

చెప్పకుండా మాత్రం ఉండగలనా! ఆదివారం పొద్దున వాళ్లింటి అరుగు మీద కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. బావ ఒకటే అడిగాడు.

"ఐసు కూడా లేదేటి?"

"లేదు బావా. అంతా యారాడాయనే కట్టాడు."

అప్పుడు చెప్పాడు, అక్కకి కూడా చెప్పని సంగతి. "ఘాటీ కిందనే ఆడి ఒళ్లు కాలిపోతంది. బండి తిప్పీస్తానన్నాను. వద్దు, లోడు దించీసే ఎల్దాం అన్నాడు. నాను ఇనీసాను. ఆ తరవాతే, దుప్పటి కప్పుకోని ఈ కత సెప్పాడు."

అన్నేళ్లుగా ఆయన అడుగుతున్నది పాట గురించి కాదని నాకు అప్పుడర్థమైంది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"కత ఆడిదేనంటే, దారీ ఆడిదే బావా. కుడికి తిప్పింది ఆడు. నాను కాదు."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోందని ఇద్దరికీ తెలుసు.

ఆ ఎండాకాలం పోయాక బావ మళ్లీ ఒడిశా లోడు ఎత్తాడు. చూడకపోతే నాకు తోచదు కనుక నేనూ ఎక్కి కూర్చున్నాను. ఘాటీ మొత్తం ఆయనే ఎక్కించాడు. పైన దాబాలో అన్నాలయ్యాక స్టీరింగు కొత్త జోడీ డ్రైవరు తీసుకున్నాడు. బావ క్యాసెట్టు పెట్టి, కాసేపు విని, ఆ పాట వెనక ఓ కథుందన్నాడు. ఐసు, రేవు, తల్లి, కారుతున్న నీళ్లు, అన్నీ చెప్పుకొచ్చాడు. రోడ్డు చీలిన చోటికి రాగానే ఆపేశాడు.

"ఏ దారినెల్లాడు?" అన్నాడు కొత్తాయన.

"వచ్చీటప్పుడు సెప్తాను" అని బావ సీటుకి చేరగిలబడ్డాడు.

కొత్తాయన ఆగలేక నావైపు తిరిగాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. నేను కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాను.