చెరువులో కలిపిన అన్నం

అన్నం నేల మీద పారెయ్యకూడదని మా అమ్మ నేర్పింది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు, పద్యాలు, ఇలాంటి నియమాలు అన్నీ వంటింటి గడప మీద కూర్చుని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మిగిలిన మెతుకు ఎవరి కాలికిందా పడకుండా నీళ్ళలో కలిపితే ఏదో ఒక ప్రాణి తింటుందనేది. ఆ మాట నేర్పినందుకు ఇప్పటికీ ఆవిడకి దణ్ణం పెట్టుకుంటాను. అదే మాట నన్ను ఇంత భయపెడుతుందనుకోలేదు.

మా రొయ్యల చెరువు ఉప్పలగుప్తం దగ్గర. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా మూడు వారాలు ఉందనగా మా నాటుకోళ్ళకి తెగులు తగిలింది. ఇంట్లో జ్వరానికి తెచ్చిన మందు గొట్టాలు, అవే క్యాప్సూళ్ళు, ఉంటే రెండు విప్పి అన్నంలో కలిపి పెట్టాను. కోళ్ళు తినగా మిగిలింది, అలవాటు కొద్దీ, చెరువులో కలిపేశాను.

నాలుగో రోజున తనిఖీకి వచ్చారు. మా రొయ్య కొనే పైదేశపు కంపెనీ తరఫున ఒక అమ్మాయి, వెంట మన మత్స్యశాఖ ఆఫీసరు. నా పెళ్ళయిన కొత్తలో ప్రభుత్వం మనిషి గట్టు మీదకి వస్తే మా మావగారు కుర్చీ తుడిచి వేయించేవారు. ఆ రోజు కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంది. ఆఫీసరుగారు కొబ్బరిచెట్టు నీడలో నిలబడ్డారు.

“ఏంటండీ, తమరూ మాలాగే నిలబడిపోయేరు?” అన్నారు మా ఆయన.

“ఆయ్. ఇదివరకు మేం బాగుందని రాస్తే బాగున్నట్టేనండి. ఇప్పుడు సముద్రం అవతలోళ్ళు ఒప్పుకోవాలి. రూలు వాళ్ళది, పరీక్ష వాళ్ళది. మేం దారి చూపించడానికి వచ్చేం.”

ఆయన నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూసి నాకున్న ధైర్యం కాస్తా పోయింది.

“అమ్మగారూ, చెరువు దగ్గర మనుషుల మందులేమైనా వాడేరా అండీ?” అని అడిగింది ఆ అమ్మాయి. “అవి రొయ్యలో కనిపిస్తే మీదొక్కటే కాదండి, మీతోపాటు లారీలో వెళ్ళిన పక్కచెరువుల సరుకు కూడా వెనక్కి పంపేస్తారు.”

“లేదమ్మా” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆ అమ్మాయి పరీక్షకని సీసాల్లో నీళ్ళు, సంచిలో రొయ్యలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ శనివారం వాడపల్లి గుడికి వెళ్ళాను. ఏడు శనివారాల మొక్కులో అది అయిదోది. స్వామిని ఏమడగాలో తోచలేదు. పంట కాపాడమంటే నా అబద్ధాన్ని కాపాడమన్నట్టే కదా. ప్రదక్షిణలో నా ముందు నడుస్తున్న పక్కచెరువు వాళ్ళావిడ వెనక్కి తిరిగింది.

“వదినగారూ, ఈసారి మన రెండు చెరువులూ ఒకే లారీ అంటండి. అంతా స్వామి దయ.”



ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పేశాను.

“కోళ్ళకి జ్వరం గొట్టాలా? పెద్ద డాక్టరమ్మవి అయిపోయేవు” అన్నారు. తరవాత ఫోను నా చేతిలో పెట్టారు. “ఆ పాపకి నువ్వే చెప్పు.”

చెప్పాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. “ఇప్పటికైనా చెప్పేరు. మీ పట్టుబడి ఆపండి, విడిగా పరీక్ష చేయిస్తాను. పక్కవాళ్ళది మీతో కలపొద్దని రాస్తానండి” అంది. ఆ పిల్లని కన్నతల్లి చల్లగా ఉండాలని మొక్కుకున్నాను.

మా ఆయన ఆఫీసరుగారిని కలిసి వచ్చారు. పరీక్ష ఫలితం ఏమైందో ఆఫీసరుగారికీ ఆ కంపెనీ వాళ్ళే చెప్పాలట.

పక్కచెరువుల రొయ్య నిన్న లారీ ఎక్కింది. మాది ఇంకా నీళ్ళలోనే ఉంది. చిన్నప్పుడు తహసీల్దారంటే భయమే, కానీ ఆయన ఆఫీసుకి ఒక గుమ్మం ఉండేది. వెళ్ళి నిలబడేవాళ్ళం. మా చెరువు సంగతి తేల్చేవాళ్ళ గుమ్మం ఎక్కడుందో నాకు తెలియదు.

ఈ పొద్దున్న, రాత్రి మిగిలిన అన్నం గిన్నెతో గట్టు మీద నిలబడ్డాను. నేల మీద వెయ్యలేను. నీళ్ళలో కలపడానికి చెయ్యి రాలేదు. వెనక్కి తెచ్చి నేనే తిన్నాను.